సొరకాయ కోతలు

మెక్సికో సంగీతమని నోటీసు బోర్డులో పెట్టినారు.
యూనివర్సిటీ ఆర్కెస్ట్రాలో నాది కట్టకడపటి కుర్చీ,
ఫ్యాను గాలి కూడా అందదు.
దేవసహాయం సారు స్వరాల కాగితం చేతికిచ్చి
గీరే వాయిద్యం, ఎండిన బుర్ర, మీదంతా గాట్లుండాల,
ఎట్లన్నా సంపాదించు అన్నాడు.

పాకాల సంతలో ఒక ముసలామె
విత్తనానికని ఆరబెట్టుకున్న సొరబుర్ర.
అరవై అని నలభైకి ఇచ్చింది.
ఏం జేస్తావు నాయనా అంటే
కోస్తానంటి.

వారం దినాలు హాస్టలు మెట్ల మీద కూచోని
ఆకురాయితో ఒక్కో గాటూ పెడతావుంటే
మా బాటనీ పిలకాయలు నవ్విందే నవ్వడం.
ఇన్నాళ్ళూ నోటితో కోసినాడు,
ఇప్పుడు చేత్తో కోస్తాండాడురా సొరకాయలు!
ముప్ఫయ్యొక్క గాట్లు.
ఇంకొకటి పెట్టుంటే పగిలుండేది.

ట్రంపెట్‌కు మనిషి లేడు.
కాళాస్తి నుంచి పెండ్లి బ్యాండు కుప్పయ్య వచ్చినాడు,
ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు,
సారు చూపించిన ఫోటోలోని మెక్సికో వాళ్ళకంటే
ఒక పిడికెడు ఎక్కువ జరీ.
కాగితం తిరగేసి, మళ్ళా తిరగేసి
చీమలు పారినట్టుండాది సార్,
మీరు పాడండి, నేను పట్టుకుంటా అన్నాడు.

లెక్కలు ఆరే.
ఒకసారి మూడూ మూడుగా నడుస్తాయి,
మరుక్షణం రెండూ రెండూ రెండుగా విరుగుతాయి.
సారు గీసి గీసి చాక్‌పీసు అరిగింది.
రెడ్డెమ్మ వయొలిన్, షమీమ్ చెల్లో
గుంతల రోడ్డులో షేర్ ఆటోల మాదిరి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.
కుప్పయ్య తొడ మీద అరచెయ్యి వేసి
తకిట తకిట తక తక తక
అని, టీకి లేచిపోయినాడు.

నాకేమో నూటపద్నాలుగు ఆవర్తాల మౌనం,
ఆ తర్వాత నాలుగు గీరలు.
మౌనమూ లెక్కపెట్టాల్సిందే, తప్పితే నాలుగూ తప్పుతాయి.
కచేరీ రోజు లెక్కపెడతానే చూస్తావున్నా.
వేదికకు చుట్టిన బంతిపూలు ఆ దేశానివే.
క్యాంటీన్లో పొద్దున తిన్న మిరపకాయ కారమూ,
మదనపల్లె నుంచి లారీలెక్కే టమేటాలూ,
రైలుకట్ట పొడుగునా మొలిచిన రాకాసిమట్టలూ
అన్నీ ఆ గడ్డ నుంచి వచ్చి
మన పేర్లు పెట్టుకొని మనింట్లో కూచున్నవే.
పాట ఒక్కటే ఇప్పుడొచ్చింది,
రేణిగుంటలో సిగ్నలు కోసం నాలుగు వందల ఏండ్లు నిలబడిన బండి మాదిరి.
సొరకాయ యాడిదో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.
సముద్రంలో తేలుకుంటా పోయి
రెండు పక్కలా ఒడ్డెక్కిందంటారు.
అరవై ఏడు. అరవై ఎనిమిది.

పెద్దోళ్ళ మాటలు, శాలువాలు, మళ్ళా మాటలు.
కడపటి పాట మొదలయ్యేసరికి తొమ్మిది.
కుప్పయ్య నా పక్కకొంగి
రేణిగుంటలో ఊరేగింపబ్బా, అడ్వాన్సు తినేసుండా
అని, తెర వెనకనుంచి జారిపోయినాడు.

ట్రంపెట్ ఎత్తుకోవాల్సిన ఎనిమిది ఆవర్తాలు.
సారు ఎడమచెయ్యి ఖాళీ కుర్చీ దిక్కు లేచి
అట్నే నిలబడిపోయింది.
తీగలన్నీ మెత్తగా పక్క పరిచినాయి,
పడుకునేవాడు లేడు.
ఏం జెయ్యాలో తెలీక నేను గీరినా,
నా కాగితంలో లేని గీర,
సన్నంగా, బియ్యంలో రాళ్ళేరినట్టు.
మూడోవరసలో ఒక పిల్లోడు తలెత్తి చూసినాడు.
జనం చప్పట్లు కొట్టినారు.
అది అట్నే ఉంటుందనుకున్నారు.

తెల్లారి కుప్పయ్య ఫోను.
ఆ ఎనిమిదీ వాయించేసినాలే అన్నాడు,
పెండ్లికొడుకు గుర్రం ముందర, ఆంజనేయుని గుడి మలుపులో.
గుర్రం కూడా ఆరు లెక్కకే కాలేసిందంట.
ఎవరో ముసలాయన ఆపి
ఇదేమూరి పాటరా అని అడిగితే
మాది కాళాస్తి సామీ, పాటది తిరప్తి అన్నాడంట.

నమ్మాల్నో వద్దో.
సొరకాయ నా చేతిలో ఉండాది.
కోతలు మాత్రం
ఇద్దరమూ కోసినాం.